శవం ముందు నరకం ప్రసంగమా?

మొన్న కల్లూరు వెళ్ళొచ్చాను. లారీ గుద్ది పోయిన మా పెద్దమ్మ కొడుకుకి ఆదరణ కూడిక. అన్నయ్య బాప్తిస్మం తీసుకోలేదు. పాస్టరు గారు (ఏ సంఘమో చెప్పను) లూకా 16లో ధనవంతుడు, లాజరు కథ ఎత్తుకుని, రక్షణ లేనివాడు చచ్చిన క్షణం నుంచే అగ్నిలో ఉంటాడని గంటసేపు మైకులో చెప్పారు. రాత్రి పెద్దమ్మ అడిగింది, "పెద్ద చదువులు చదివినవ్ గదరా, వాడు ఇప్పుడు గూడ కాలుతనే ఉన్నడంటవా?"

నేను వేదాంతిని కాదు, కోడు రాసుకునేవాణ్ణి. కానీ నాకు ఒళ్ళు మండింది. ఆయన అంత ఖాయంగా చెప్పింది క్రైస్తవుల్లోనే ఇంతవరకూ తేలని విషయం.

హీబ్రూలో నెఫెష్ అని ఒక మాట ఉంది. ఆదికాండం 2:7లో ఆదాముకీ, 1:24లో పశువులకీ అదే మాట. మన తెలుగు బైబిల్లో ఆదాము 'జీవాత్మ' అయ్యాడు, పశువులు ఉత్త 'జీవముగలవి' అయ్యాయి. సంఖ్యాకాండం 6:6లో అదే నెఫెష్ 'శవము'! యెహెజ్కేలు 18:4లో పాపం చేసే నెఫెష్ చస్తుందని మూలం. తెలుగులో చచ్చేది 'వాడు'. ఒకే వేరియబుల్‌కి చోటుకో పేరు పెడితే మన కోడ్ రివ్యూలో ఊరుకుంటామా? కుట్ర అనను, ఆదాము-పశువుల తేడా కింగ్ జేమ్స్‌లోనూ ఉంది. కాకపోతే జీవాత్మ అనగానే తెలుగువాడికి గీతలోని చావులేని ఆత్మే గుర్తొస్తుంది.

అటు వాదన లేదా అంటే ఉంది. సిలువ మీద దొంగకి పరదైసు మాట ఇచ్చింది 'నేడు' అనే. ఆత్మలు నిద్రపోవని కాల్విన్ 1542లో ఏకంగా పుస్తకమే అచ్చేశాడు. లూథరేమో చావుని నిద్ర అనే చాలా చోట్ల రాశాడు. అడ్వెంటిస్టులు ఇప్పటికీ నిద్రే అంటారు. ఇంగ్లండు సంఘం 1553 నాటి 42 నిబంధనల్లో ఆత్మ నిద్రని ఖండించి, 1563లో ఆ నిబంధనే తీసేసింది. 1912లో అజరయ్య గారు బిషప్పు అయిన దోర్నకల్ డయాసిస్ ఆ సంఘం సంతతే. 1988లో జాన్ స్టాట్ అంతటివాడు, నరకమంటే అంతులేని యాతన కాదు, చివరికి నాశనమే కావచ్చు అన్నాడు. వీళ్ళంతా బైబిలు చదవనివాళ్ళా?

అసలు ఆ కథలో ధనవంతుడు బాప్తిస్మం లేక పోలేదండీ. గుమ్మం ముందు పుండ్లతో పడున్నవాణ్ణి పట్టించుకోక పోయాడు. ఆ సంగతి మైకులో రాలేదు.

పెద్దమ్మకి ప్రసంగి 9:5 చదివి వినిపించాను, చచ్చినవాళ్ళకి ఏమీ తెలియదని ఉంటుంది అక్కడ. రెండుసార్లు చదివించుకుంది. "మరి పాస్టరు గారు ఇది చదవలేదేందిరా?" అంది.

ఆదివారం అడుగుదాం, నేనూ వస్తా అన్నాను. సెలవు ఇంకో రోజు పొడిగించుకున్నా.