చిత్రతురగం

కంప్యూటరు పదాలకు తెలుగు మాటలు వెదికే మిత్రులు ‘సిమ్యులేషన్’కు ‘అనుకరణ’ను దాదాపు ఖాయం చేసేశారు. ఆ మాటతో నాకు పేచీ ఉన్నది. బడిలో ఛందస్సూ అలంకారాలూ చెప్పి విరమించిన తెలుగు పండితుడికి ఈ గొడవ ఎందుకని మీరడగవచ్చు. కారణం నా పాత శిష్యురాలు.

వాళ్ళుండేది మా ఎల్బీనగర్‌లోనే. కణభౌతికశాస్త్రంలో డాక్టరేటు చేసింది. మొన్న వాళ్ళింటికి వెళ్ళినప్పుడు తండ్రి నా ముందే అడిగాడు: “ఏడేండ్లు చదివినవు గదమ్మా, ఆ మిషను ఏది?” దిల్‌సుఖ్‌నగర్‌లో ఆర్నెల్ల కోర్సు చేసిన మేనల్లుడు సొంతిల్లు కొన్న సంగతీ జోడించాడు. ఆమె బదులు పలకలేదు. ఆ మౌనం నన్ను వదలలేదు. మరునాడు పిలిపించి, వివరంగా చెప్పించుకున్నాను.

ఆ యంత్రం పేరు ఐకాల్. తమిళనాడులోని తేని జిల్లాలో, బోడి పశ్చిమ కొండల కింద సొరంగం తొలిచి, 50,000 టన్నుల ఇనుమును పలకలుగా పేర్చి, అయస్కాంతంగా మార్చి, పలకల నడుమ గాజు శోధకాలు అమర్చి న్యూట్రినోలను పరిశీలించాలన్నది సంకల్పం. 1965లో కోలారు బంగారు గనుల్లో, తెలుగు వినిపించే ఆ నేల కింద రెండు కిలోమీటర్లకు పైగా లోతున, వాతావరణ న్యూట్రినోల జాడ పట్టిన చరిత్రకు ఇది కొనసాగింపు. 2015 జనవరిలో కేంద్ర మంత్రివర్గం సుమారు 1500 కోట్ల రూపాయలతో ఆమోదించింది. ఆపైన పర్యావరణ అభ్యంతరాలు, వ్యాజ్యాలు. 2022లో తమిళనాడు ప్రభుత్వం పశ్చిమ కనుమలనూ పులుల దారినీ చూపి, వద్దని సుప్రీంకోర్టుకు విన్నవించింది. కొండ పక్కన బతికేవారి భయాన్ని అజ్ఞానమని కొట్టివేసేవారిలో నేను లేను. ఏమైతేనేం, ఐకాల్ లేవలేదు.

మరి ఈమె పరిశోధించింది దేనిమీద? జియాంట్-4 అనే ప్రోగ్రాములో కట్టిన ఐకాల్ మీద. 1998 చివర విడుదలైన ఈ ప్రోగ్రామును సెర్న్‌తో పాటు అనేక దేశాలవారు కలిసి రాశారు. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. ఇనుప పలక మందం 5.6 సెంటీమీటర్లు, అయస్కాంత క్షేత్రం ఇంత, గాజు ఇక్కడ అని వర్ణించి, అందులోకి ఒక మ్యువాన్ కణాన్ని వదలాలి. అది అడుగులో అడుగు వేసుకుంటూ పోతుంది. ప్రతి అడుగులోనూ ప్రోగ్రాము పాచికలు వేస్తుంది: శక్తి ఎంత పోగొట్టుకున్నది, ఎటు ఒరిగింది? అవి శకుని పాచికలు కావు, ఆడించేవాడి కోరికను బట్టి పడవు. సిద్ధాంతమూ పూర్వప్రయోగాలూ తేల్చిన సంభావ్యతల ప్రకారం పడతాయి. అట్లా లక్షల కణాలను వదిలితే, దారి వంపును చూసి ధనావేశమో ఋణావేశమో ఎన్నిసార్లు సరిగా చెప్పగలమో, యంత్రం చూపు ఎక్కడ మందగిస్తుందో తెలుస్తుంది. ఇనుము కొనకముందే తెలియవలసిన సంగతులు కదా ఇవి!

ఇక నా పేచీ. అనుకరించడానికి మూలమంటూ ఉండాలి. నాట్యం అనుకరణమేనన్న శ్రీశంకుకుని మీద భట్టతౌతుని ఆక్షేపణ ఇదే: రాముణ్ణి చూసినవారెవరు? చూడనివాణ్ణి నటుడు అనుకరించడమెట్లా? ఐకాల్‌నూ ఎవరూ చూడలేదు.

అయితే ఓడిన శంకుకుని దగ్గరే మనకు పనికివచ్చే మాట ఒకటున్నది, చిత్రతురగన్యాయం. గోడమీది బొమ్మను చూసి ‘గుర్రం’ అంటాము. ఆ జ్ఞానం యథార్థం కాదు, భ్రమ కాదు, సందేహం కాదు, ‘గుర్రం వంటిది’ అన్న సాదృశ్యమూ కాదు. ఆమె తెరమీద వంగిపోయే మ్యువాన్ అచ్చంగా అటువంటిదే. అది ప్రకృతిలో పుట్టిన కణం కాదు, అబద్ధమనీ అనలేము.

చిత్రతురగం మీద స్వారీ చెయ్యలేమన్నదీ నిజమే. కనుక తండ్రి ప్రశ్న న్యాయమైనదే. ఇదే ప్రోగ్రాముతో క్యాన్సరు చికిత్సలో రేడియేషను మోతాదు కూడా లెక్కగడతారట. ఆ మాట చెప్పి ఆయనను సముదాయించడం నాకిష్టం లేకపోయింది. ఆయన అడిగింది ఉద్యోగం గురించి కాదు, మిషను గురించి. మదురైలో 85 టన్నుల చిన్న ఐకాల్ ఒకటి నిలబడి ఉన్నది. ఆకాశం నుంచి వచ్చే మ్యువాన్లను అది పట్టిన లెక్కను ప్రోగ్రాము లెక్క పక్కన పెట్టి సరిచూస్తున్నారు. అంటే గుర్రప్పిల్ల నిజంగానే ఉన్నది. ఆయనకు అదే చెప్పాను. “ఎనభై అయిదేనా?” అన్నాడు, కాస్త మెత్తబడి.

మొన్న మెట్రోలో ఎల్బీనగర్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా మూడు స్టేషన్ల దూరం ఆమెతో ఈ మాట గురించే వాదించాను. నేను కూర్చిన పదం ‘చిత్రప్రయోగం’. బొమ్మ అన్న అర్థమూ వస్తుంది, వింత అన్న అర్థమూ వస్తుంది.

“వద్దు సార్, చిత్రమంటే సినిమా అనుకుంటరు. హీరో ఎవరని అడుగుతడు మా నాన్న” అన్నది.

ఇంతకంటే మంచి మాట మీకు తోస్తే చెప్పండి, నాది వదులుకుంటాను. ‘అనుకరణ’ను మాత్రం ఒప్పుకోను.