మాత్ర ఒక్కటే చాలదు, పక్కన మనిషి ఉండాలి



మనసుకు వాడే మాత్రల గురించి మన ఇళ్ళలో, మన సంఘాల్లో రెండు మాటలు తరచుగా వినిపిస్తాయి. "అవి మొదలుపెడితే జీవితాంతం వదలవు" అనేది ఒకటి. "వాటి వల్లే చచ్చిపోవాలనే ఆలోచనలు వస్తాయట" అనేది రెండోది. ఈ భయాలతో కొందరు మందుల చీటీ మడిచి బీరువాలో పెట్టేస్తారు. కొందరు రెండు వారాలు మింగి ఆపేస్తారు. ఈ భయాన్ని చూసి నవ్వకూడదు, అందులో కొంత నిజం ఉంది. అయితే మనం భయపడవలసిన చోట భయపడకుండా వేరే చోట భయపడుతున్నామని నా అభిప్రాయం. మాత్రలో ఉన్న ప్రమాదం కంటే, ఆ మాత్రను ఒంటరిగా మింగడంలోనూ, ఎవరికీ చెప్పకుండా ఆపేయడంలోనూ ఉన్న ప్రమాదం ఎక్కువ.

ఆరోగ్యవరం నేర్పిన పాఠం

ఈ సంగతి మన ప్రాంతానికి కొత్త కాదు. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో 1910లలో అనేక మిషన్లు కలిసి క్షయ ఆసుపత్రి నెలకొల్పాయి. మన దేశంలో 1948లో బి.సి.జి. టీకాలు మొదలైన చోట్లలో మదనపల్లె ఒకటి. సరైన మందులు లేని రోజుల్లో రోగులు గాలి, వెలుతురు, విశ్రాంతి, మంచి తిండి నమ్ముకుని నెలల తరబడి అక్కడే ఉండేవారు.

మందులు వచ్చాక మరో చిక్కు బయటపడింది. రెండు నెలలకే దగ్గు తగ్గుతుంది, ఆకలి పుడుతుంది, ఒంటికి కండ పడుతుంది. "గుణమైపోయింది" అని మనిషి మాత్రలు ఆపేస్తాడు. కొన్నాళ్ళకు జబ్బు ముదిరి తిరిగి వస్తుంది. అందుకే 'డాట్స్' పద్ధతిలో మరొకరు ఎదుట ఉండి మాత్ర మింగించే ఏర్పాటు చేశారు. మాత్ర ఎంత మంచిదైనా దాని పక్కన ఒక మనిషి కావాలని క్షయ మనకు నేర్పింది.

డిప్రెషన్ మందు కూడా క్షయ వార్డులోనే బయటపడింది. 1952 ప్రాంతంలో అమెరికాలో న్యూయార్క్ నగరంలోని సీ వ్యూ ఆసుపత్రిలో ఐప్రోనియాజిడ్ అనే మందును క్షయ రోగులకు ఇచ్చి చూశారు. మంచానికి అతుక్కుని ఉన్నవారు లేచి కూర్చుని నవ్వడం, మాట్లాడడం డాక్టర్లు గమనించారు. 1957 నాటికి దాన్ని డిప్రెషన్‌కు వాడడం మొదలైంది. ఆ మందు కాలేయానికి హాని చేస్తుందని తెలిసి తర్వాత పక్కన పెట్టారు. మందు చేసిన మేలును చూసినవారే దాని కీడును కూడా చూశారు, చూసి మానేశారు. నేడు వాడే ఫ్లుఓక్సెటిన్, సెర్ట్రాలిన్, ఎస్సిటాలోప్రామ్ వంటివి తర్వాతి తరం మందులు. వాటి మీద కూడా అలాంటి కాపలా ఉంది.

"మందు వల్లే ఆలోచనలు వస్తాయి" అన్న మాటలో నిజమెంత?

2004 అక్టోబరులో అమెరికా ప్రభుత్వ మందుల సంస్థ డిప్రెషన్ మాత్రల మీద నల్లని గడి కట్టి హెచ్చరిక ముద్రించాలని ఆదేశించింది. 24 పరీక్షల్లో పాల్గొన్న 4,400 మందికి పైగా పిల్లల వివరాలను వారు కలిపి చూశారు. అసలు మందు తీసుకున్నవారిలో నూటికి నలుగురికి, ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారిలో నూటికి ఇద్దరికి ఆత్మహత్య ఆలోచనలు గానీ ప్రయత్నాలు గానీ కనిపించాయి. ఆ పరీక్షల్లో ఒక్క పిల్లవాడు కూడా ప్రాణం తీసుకోలేదు. 2007లో ఈ హెచ్చరికను 24 ఏళ్ళ వరకు ఉన్న యువతకు కూడా వర్తింపజేశారు. 65 ఏళ్ళు దాటినవారిలో మాత్రం ఈ మందుల వల్ల ఆ ప్రమాదం తగ్గిందని తేలింది. వైద్యం చేయించని డిప్రెషన్ కూడా ప్రాణాపాయమేనని అదే హెచ్చరిక గుర్తు చేస్తుంది.

కాబట్టి ఆ భయం ఉత్తది కాదు. కానీ అది "మాత్ర వేసుకోవద్దు" అని చెప్పడం లేదు. "మొదటి వారాల్లో కనిపెట్టుకుని ఉండండి" అని చెబుతోంది.

మాత్ర వద్దనుకుంటే పిల్లలు క్షేమంగా ఉంటారా? చిత్తూరు పొలిమేర దాటితే వేలూరు. అక్కడి సి.ఎం.సి. వైద్యులు దగ్గరలోని కణియంబాడి బ్లాకు పల్లెల్లో జరిగిన ప్రతి మరణానికీ కారణం విచారించి రాసిపెట్టారు. 1992 నుంచి 2001 వరకు చూస్తే, 10 నుంచి 19 ఏళ్ళ వయసు ఆడపిల్లల్లో ఏడాదికి లక్షకు 148 మంది, మగపిల్లల్లో 58 మంది ఆత్మహత్య చేసుకున్నారు. 2004లో 'లాన్సెట్' వైద్య పత్రికలో అచ్చయిన లెక్క ఇది. ఆ పల్లెలకూ మన పల్లెలకూ భాషలో తేడా ఉంది గానీ బతుకులో పెద్ద తేడా లేదు. 2022లో దేశం మొత్తం మీద 1,70,924 మంది ఆత్మహత్య చేసుకున్నారని జాతీయ నేర గణాంక సంస్థ నమోదు చేసింది. అందులో కుటుంబ సమస్యల వల్ల అని రాసినవి 31.7 శాతం, జబ్బుల వల్ల అని రాసినవి 18.4 శాతం. పరీక్ష తప్పడం వల్ల అని రాసినవి 1.2 శాతం. చేతులు కట్టుకుని కూర్చోవడం క్షేమమైన దారి కాదని ఈ అంకెలే చెబుతున్నాయి.

మొదటి ఆరు వారాలు

డిప్రెషన్ మన దగ్గర "నాకు డిప్రెషన్" అంటూ రాదు. తలనొప్పి, ఒళ్ళు నొప్పులు, గుండె దడ, కడుపులో మంట, తెల్లవారుజామునే మెలకువ, ఆకలి లేకపోవడం వంటి రూపాల్లో వస్తుంది. "నరాల బలహీనత" అని టానిక్కులు తాగుతూ సంవత్సరాలు గడిపేవారున్నారు. రెండు వారాలకు మించి మనసు కుంగి, ఇష్టమైన పని మీద కూడా ఆసక్తి పోతే డాక్టరుకు చూపించాలి.

మాత్ర మొదలుపెట్టాక తెలుసుకోవలసిన ముఖ్యమైన సంగతి ఒకటుంది. దాని ఇబ్బందులు ముందు వస్తాయి, మేలు తర్వాత వస్తుంది. మొదటి రోజుల్లో వికారం, తలనొప్పి, నిద్రలో మార్పు, చేతుల వణుకు ఉండవచ్చు. ఇవి చాలామందికి ఒకటి రెండు వారాల్లో తగ్గిపోతాయి. మనసులో గుణం కనిపించడానికి రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. ఈ మధ్య కాలంలోనే మనిషి "ఇదీ పనిచేయలేదు, ఇక నాకు దారి లేదు" అనుకుంటాడు. పైగా మనసు తేరుకోక ముందే ఒంట్లో కాస్త చురుకు రావచ్చు. ఆ సమయంలో ఇంటివారు దగ్గర ఉండాలి.

కనిపెట్టవలసిన గుర్తులు ఇవి: ఒకచోట కూర్చోలేనంత కంగారు, ఎన్నడూ లేని కోపం, బొత్తిగా నిద్ర లేకపోవడం, "నేను మీకు భారం" అనే మాటలు, తన వస్తువులు పంచిపెట్టడం, ఎవరికో అప్పగింతలు చెబుతున్నట్లు మాట్లాడడం. ఇవి కనిపిస్తే తర్వాతి తేదీ దాకా ఆగకుండా ఆ రోజే డాక్టరును కలవాలి. ఇంకొందరిలో మాత్ర మొదలుపెట్టాక మితిమీరిన ఉత్సాహం వస్తుంది. నిద్ర లేకపోయినా అలసట ఉండదు, ఆపకుండా మాట్లాడతారు, డబ్బు విపరీతంగా ఖర్చు పెడతారు. ఇది కూడా జబ్బు గుర్తే. దీనికి వేరే మందు కావాలి.

"చచ్చిపోవాలనిపిస్తోందా?" అని నేరుగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందనే భయం అక్కర్లేదు. ఎవరో ఒకరు అడిగారు కదా అని చాలామందికి గుండె బరువు దిగుతుంది. మాత్రల డబ్బా ఇంటి పెద్దవారి దగ్గర ఉంచి ఏ పూటకాపూట ఇవ్వండి. పొలం మందులు ఇంట్లో పెట్టకుండా, వేరే చోట తాళం వేసి ఉంచండి. చావాలన్న తెగింపు తరచుగా కొద్ది సమయంలోనే దాటిపోతుంది. ఆ కాస్త సమయం దొరికితే ప్రాణం నిలుస్తుంది.

అలవాటు పడిపోతామా?

ఇక్కడ రెండు రకాల మందులను ఒకే గాటన కట్టేస్తున్నాం. ఆల్‌ప్రజోలామ్ వంటి నిద్రమాత్రలకు అలవాటు పడతారు, నిజమే. 2015లో నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో కల్తీ కల్లు మీద దాడులు జరిగినప్పుడు అది దొరక్క వందల మంది మూర్ఛలతో, మతి తప్పి ఆసుపత్రులకు వచ్చారు. ఆ కల్లులో ఇలాంటి మత్తు మందులే కలిపేవారు. మెడికల్ షాపులో చీటీ లేకుండా నిద్రమాత్ర కొనేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

డిప్రెషన్ మాత్రలు ఆ రకం కావు. వాటి కోసం నాలుక పీకదు, మోతాదు రోజురోజుకూ పెంచాలనిపించదు. కానీ ఒక్కసారిగా ఆపితే తల తిరగడం, చిరాకు, నిద్ర పట్టకపోవడం, తలలో షాక్ కొట్టినట్లు అనిపించడం వంటివి వస్తాయి. అందుకే డాక్టరు కొన్ని వారాలు తీసుకుని మోతాదు మెల్లగా తగ్గిస్తారు. మొదటిసారి డిప్రెషన్ వచ్చినవారు గుణం కనిపించాక కూడా ఆరు నుంచి తొమ్మిది నెలలు, కొందరు ఇంకా ఎక్కువ కాలం మాత్ర కొనసాగించాలి. క్షయకు చెప్పిన మాటే ఇక్కడా చెప్పుకోవాలి: ఒంట్లో బాగుందంటే మందు పనిచేస్తోందని అర్థం, ఇక అక్కర్లేదని కాదు.

దాంపత్యంలో ఆసక్తి తగ్గడం, బరువు పెరగడం వంటి ఇబ్బందులు కొన్ని మందులతో ఉంటాయి. సిగ్గుపడి చెప్పకుండా మానేసేవారు చాలామంది. చెబితే మార్చడానికి వేరే మందులున్నాయి. గర్భం దాల్చే వయసు స్త్రీలు ఆ సంగతి ముందే డాక్టరుకు చెప్పాలి. మూర్ఛకూ మానసిక జబ్బుకూ వాడే వాల్‌ప్రోయేట్ కడుపులోని బిడ్డకు హాని చేయగలదు.

లిథియం వాడేవారికి మన ఎండాకాలం ప్రత్యేకంగా చెప్పుకోవలసినది. ఆత్మహత్య ప్రమాదాన్ని తగ్గించే మంచి మందుగా దానికి పేరుంది. కానీ ఒంట్లో నీరు, ఉప్పు తగ్గితే రక్తంలో దాని పాళ్ళు పెరిగి విషమవుతుంది. తిరుపతి ఎండల్లో పనిచేసేవారు, ఉపవాస ప్రార్థనల్లో ఉండేవారు, వాంతులు విరేచనాలు అయినవారు వెంటనే డాక్టరును అడగాలి. నొప్పుల మాత్రలు కూడా సొంతంగా వేసుకోకూడదు. రక్త పరీక్ష తప్పించుకోకూడదు.

సంఘానికి ఒక మనవి

"విశ్వాసముంటే మాత్రలెందుకు?" అని అడిగేవారు మన మధ్య ఉన్నారు. షుగరు మాత్ర గురించి అలా అడగం, కళ్ళజోడు గురించి అడగం. ఏలీయా ప్రవక్త బదరీ చెట్టు కింద కూర్చుని తన ప్రాణం తీసుకొమ్మని దేవుణ్ణి వేడుకున్నాడు. దేవదూత వచ్చి అతణ్ణి గద్దించలేదు. తిండి పెట్టాడు, నీళ్ళు ఇచ్చాడు, మళ్ళీ నిద్రపోనిచ్చాడు. కుంగిన మనిషి దగ్గర ఎలా ఉండాలో అది మనకు నేర్పుతుంది. కాపరులకు, ప్రార్థన పరిచారకులకు నా మనవి ఒక్కటే. ప్రార్థించండి, కానీ ఎవరినీ మాత్రలు ఆపమని చెప్పకండి. సాక్ష్యం చెప్పించే ముందు, మందు ఆపారా అని అడిగి, ఆపి ఉంటే డాక్టరు దగ్గరికి పంపండి.

పోలీసు కేసుకు భయపడి ఆత్మహత్యాయత్నాన్ని "కడుపునొప్పి" అని దాచే కుటుంబాలు ఇంకా ఉన్నాయి. నిజం దాస్తే సరైన వైద్యం ఆలస్యమవుతుంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే నెలలో అమలులోకి వచ్చింది. అలాంటి మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్లుగా భావించాలని, శిక్షించకూడదని ఆ చట్టం చెబుతుంది. 2024 జూలై 1న వచ్చిన భారతీయ న్యాయ సంహితలో పాత 309 సెక్షన్ లేదు. ఆసుపత్రి నుంచి పోలీసులకు సమాచారం వెళ్ళినా భయపడి జరిగింది దాచవలసిన పని లేదు.

తిరుపతి రుయా ఆసుపత్రి వంటి ప్రభుత్వ బోధనాసుపత్రుల్లో మానసిక వైద్యం దొరుకుతుంది. రాత్రి పగలు ఎప్పుడైనా 14416కు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. ఇది 2022 అక్టోబరులో ప్రభుత్వం మొదలుపెట్టిన టెలీ మానస్ సేవ.

మీ ఇంట్లో గానీ, మీ వీధిలో గానీ ఎవరైనా ఈ మధ్యనే మాత్రలు మొదలుపెట్టి ఉంటే, ఆరు వారాల పాటు రోజూ ఒకసారి వారి దగ్గరికి వెళ్ళండి. "మాత్ర వేసుకున్నావా? రాత్రి నిద్ర పట్టిందా? మనసు ఎట్లుంది?" అని మూడు మాటలు అడగండి. జవాబు పూర్తయ్యే దాకా కూర్చోండి. తర్వాతిసారి డాక్టరు దగ్గరికి వెళ్ళే రోజు వారిని ఒంటరిగా బస్సెక్కించకండి, మీరు కూడా వెళ్ళండి.