కాడి ఎరుగని జోడీలు

సెలవులకు మదనపల్లె వచ్చిన మా మనవడు మొన్న నా ముందొక నోటుపుస్తకం పెట్టి, "తాతా, ఏ జోడీ గెలుస్తుందో నువ్వే చెప్పాల" అన్నాడు. చూద్దును గదా, పుటకు రెండేసి పేర్లు; ఒక్కొక్క పేరు కింద వేగం, గురి, బలం, అడ్డగింపు అంటూ పదికి ఇన్నేసి మార్కులు. ముప్పై ఏళ్లకు పైగా జవాబు పత్రాలు దిద్దిన చేయి కనుక, మార్కులు కనబడగానే ఎర్రకలం కోసం జేబు తడుముకొన్నాను. తీరా విచారిస్తే అవన్నీ అమెరికా బాస్కెట్‌బాల్ ఆటగాళ్ల పేర్లు. వాళ్లను ఇద్దరిద్దరుగా జతపరచి, ఒక పాత వీడియో గేములో జట్లుగా ఊహించుకొంటున్నాడట.

ఆ గేము పేరు ఎన్.బి.ఏ. జామ్. 1993లో మిడ్‌వే అనే అమెరికా సంస్థ ఆటశాలలకోసం తయారుచేసింది. బాస్కెట్‌బాల్‌లో పక్షానికి అయిదుగురు కాగా, ఇందులో ఇద్దరే. నాటి 27 జట్లనుంచి తలా ఇద్దరిని ఏరి నిలబెట్టారు. తోసినా, పడదోసినా అడిగేవాడు లేడు. వరుసగా మూడుసార్లు బుట్టలో వేసినవాడి చేతిలో బంతి భగ్గున మండుతుంది. చికాగో పక్షాన స్కాటీ పిప్పెన్, హోరెస్ గ్రాంట్ ఉన్నారు గాని, జగత్ప్రసిద్ధుడైన మైకేల్ జోర్డాన్ లేడు. అతని పేరు వాడుకొనే హక్కు కుదరలేదు. ఆ ఖాళీని చూసినవాడికి "వీడి పక్కన వాడుంటే?" అన్న ఊహ పుట్టక మానదు. ముప్పై ఏళ్లు గడిచాక మావాడి నోటుపుస్తకంలో జరుగుతున్నదీ అదే.

ఊహతో నాకు పేచీ లేదని ముందే మనవి చేస్తున్నాను. పండిత శిక్షణ కాలంలో మేమూ ఇదే ఆట ఆడాము. తిరుపతి వేంకట కవులను ఒక వైపు, కొప్పరపు సోదర కవులను మరొక వైపు నిలబెట్టి, అవధానంలో ఎవరిది పైచేయి అని రాత్రులు తెల్లవార్లూ వాదించుకొన్నాము. అది చాలక తిక్కన పక్కన పోతనను కూర్చోబెట్టి ఎదుట శ్రీనాథుడిని, పెద్దనను దింపేవాళ్లం. కనుక పిల్లవాడి ఆటను వ్యర్థమని ఈసడించే పెద్దల వరుసలో నేను లేను. నా పేచీ అతని లెక్కతోనే.

ఎవరెవరికి ఎక్కువ మార్కులు వచ్చాయో చూసి, మొదటివాడిని, రెండవవాడిని కలిపేస్తాడు. అంతే, జోడీ సిద్ధం! "ఇద్దరూ బుట్టలో వేసేవాళ్లే అయితే బంతి అందించేది ఎవర్రా?" అంటే, "ఇద్దరూ వేస్తారు తాతా, డబుల్ కదా!" అన్నాడు. పదేళ్లవాడు అన్నాడు కనుక నవ్వుకొన్నాను. కాని ఇదే మాట పెద్దవాళ్లు, బడులు నడిపేవాళ్లు, జట్లను ఎంపిక చేసేవాళ్లు నవ్వకుండా అంటున్నారు. ఈ వ్యాసం వారిని ఉద్దేశించినది.

పుంగనూరు వైపు కాడి కట్టే ఏ ముసలి రైతునైనా అడగండి. రెండు బలమైన ఎద్దులను తెచ్చి ఒకే కాడికి కట్టడం జోడీ కట్టడం కాదంటాడు. దాపటికి ఏది నప్పుతుంది, వెలపటికి ఏది నిలుస్తుంది, రెండింటి నడక ఒకటేనా, ఒకటి నిలిస్తే రెండవది నిలుస్తుందా అని చూస్తాడు. నడక కలవకపోతే ఎంత బలమున్నా కాడి వంకరపోతుంది, మెడ పుండుపడుతుంది, సాలు చెడుతుంది. ఈ పాటి జ్ఞానానికి అంకెల పట్టిక అక్కరలేదు.

"అది సేద్యం పంతులుగారూ, ఆట వేరు" అంటారేమో. సరే, వారి ఆటలోనే సాక్ష్యం చూపిస్తాను. జోర్డాన్ 1984లో చికాగో జట్టులో చేరాడు. 1986–87లో ఆటకు సగటున 37.1 పాయింట్లతో దేశం మొత్తంమీద మొదటివాడు. అంకెలలో అంతకు మించినవాడు లేడు. మరి ఆ మొదటి మూడేళ్లలో ప్లేఆఫ్ దశలో అతని జట్టు ఆడినవి పది, గెలిచింది ఒకటి! 1987లో పిప్పెన్ వచ్చాడు. ఇద్దరికీ నడక కుదరడానికి కొన్నేళ్లు పట్టింది. కుదిరాక 1991 నుంచి 1998 లోపల ఆరు కిరీటాలు. జోర్డాన్ కొత్తగా బలవంతుడు కాలేదు. కాడికి రెండవ వైపు దొరికింది.

యూటా జట్టులో జాన్ స్టాక్‌టన్, కార్ల్ మలోన్ 18 సీజన్లు కలిసి ఆడారు. స్టాక్‌టన్ జీవితకాలంలో అందించిన అసిస్టులు 15,806; ఆ సంఖ్యను నేటికీ ఎవరూ దాటలేదు. అసిస్టు అంటే మరొకరు బుట్టలో వేయడానికి తాను బంతి అందించడం. "వారు కిరీటం గెలవలేదు కదా" అంటారు. నిజమే. 1997లోను, 1998లోను తుదిపోరులో ఓడారు. ఓడించింది ఎవరు? జోర్డాన్, పిప్పెన్‌ల జంటే! జోడీ జోడీకే తలవంచింది. మరి మహానక్షత్రాలను కొని తెచ్చి ఒకచోట గుచ్చితే ఏమవుతుందో బ్రూక్లిన్ జట్టు చూపించింది. డ్యురాంట్, హార్డెన్, ఇర్వింగ్ ముగ్గురూ 2021లో ఒకే గూటికి చేరారు. ముగ్గురూ కలిసి ఆడిన లీగ్ దశ ఆటలు 16 మాత్రమే. 2022 ఫిబ్రవరికి గూడు చెదిరింది.

"అంకెలు అబద్ధం చెప్పవు" అన్నది రెండవ వాదం. అంకెలు చెప్పవు, అంకెలు వేసేవాడు చెబుతాడు. ఎన్.బి.ఏ. జామ్ రూపకర్త మార్క్ టర్మెల్ డెట్రాయిట్ జట్టు అభిమాని. డెట్రాయిట్‌తో పోటీ హోరాహోరీగా ఉన్నప్పుడు చివరి క్షణంలో చికాగో వేసే బంతి తప్పిపోయేటట్లు లోపల ఏర్పాటు చేశానని ఆయనే తరువాత ఒప్పుకొన్నాడు. యంత్రం కదా, నిష్పక్షపాతంగా ఉంటుందనుకొని నాణేలు వేసిన పిల్లలు ఎందరో!

అంకె నిజమైనా సగమే చెబుతుంది. మన అమలాపురం బిడ్డ సాత్విక్‌సాయిరాజ్ స్మాష్ వేగం గంటకు 565 కిలోమీటర్లని 2023లో గిన్నిస్ వారు నమోదు చేశారు. గర్వించవలసిందే. కాని అదే ఏడాది ఆసియా క్రీడలలో స్వర్ణం తెచ్చింది ఆ 565 ఒక్కటేనా? ముంబై కుర్రవాడు చిరాగ్ శెట్టి పక్కన లేకుండా అది సాధ్యమా? స్మాష్‌కు వేగం కొలిచే సాధనం ఉంది. పక్కవాడు ఏ క్షణంలో ఎక్కడ ఉంటాడో చూడకుండానే తెలియడానికి కొలత ఏది?

మా ఊరి ముచ్చటే మరొకటి. 1919 ఫిబ్రవరిలో రవీంద్రుడు మదనపల్లె బీసెంట్ దివ్యజ్ఞాన కళాశాలలో విడిది చేసి, జనగణమనను ఆంగ్లంలోకి అనువదించాడు. ఆ పాటకు స్వరలిపి కూర్చినది ఐర్లండునుంచి వచ్చిన మార్గరెట్ కజిన్స్. మావాడి పద్ధతిలో బెంగాలీ కవిత్వానికి ఆమెకు సున్నా పడుతుంది. జట్టులో చోటే దొరకదు! ఇక తిరుపతిశాస్త్రిగారు 1920లో గతించిన తరువాత కూడా చెళ్లపిళ్లవారు తమ రచనలను జంట పేరుతోనే వెలువరించారు. ఆ పేరులో తన వాటా ఇంత అని ఆ మహానుభావుడు లెక్క కట్టుకోలేదు.

ఇప్పుడు నా సొంత కథ. ఇది చెప్పడానికే ఇంత ఉపోద్ఘాతం.

పుంగనూరు ప్రాంతంలో నేను పనిచేసిన ఒక బడిలో ఇద్దరు పిల్లలుండేవారు. ఒకడు పొడుగు, ఒకడు పొట్టి. సిమెంటు కూడా లేని మట్టినేలమీద, వల ఊడిపోయిన రింగు కింద సాయంకాలాలు ఆడేవారు. కుప్పంలో పోటీలకు పిల్లల వెంట నన్ను పంపారు. ఆ రోజు మావాళ్ల పాయింట్లు దాదాపుగా అన్నీ పొడుగువాడివే. పొట్టివాడు తలెత్తి చూడకుండానే బంతి విసిరేవాడు. అది సరిగ్గా వాడి చేతికే చేరేది. ఆట ముగిశాక ఎంపిక చేయడానికి వచ్చిన ఒక పెద్దమనిషి, "మీ బడినుంచి ఒక పేరు చెప్పండి" అన్నాడు. నేను చెప్పాను. ఇంకొక పేరు ఆయన అడగలేదు. అడగకపోయినా చెప్పవలసినవాడిని, నేనూ చెప్పలేదు. ద్వంద్వ సమాసం మీద గంటలకొద్దీ పాఠం చెప్పే నోటికి ఆ పూట "ఇద్దరూ" అన్న మాట రాలేదు.

పొడుగువాడు ఎక్కడో హాస్టలుకు వెళ్లి, ఏడాది తిరగకుండానే పెట్టె సర్దుకొని వచ్చేశాడు. "ఏమిరా?" అంటే, "నా చేతికి బంతే రాలేదు సార్" అన్నాడు. అక్కడ అందరూ వాడిలాంటివాళ్లే, అందరూ వేసేవాళ్లే. ఈలోగా పొట్టివాడు ఆట మానేసి, తండ్రితో టమోటా మండీకి పోతున్నాడు. మళ్లీ వాళ్లు ఆ రింగు కింద ఆడగా నేను చూడలేదు.

అయ్యా, ఎంపికలు చేసే పెద్దలారా! ర్యాంకులను కటౌట్లు కట్టి ఊరేగించే విద్యావ్యాపారులారా! మీరు ఏరి తీసుకొనిపోతున్నది సగం ఎద్దును. రెండవ సగాన్ని మట్టినేలమీదనే వదిలేసి, మొదటిది సాలు దున్నలేదని మళ్లీ నిందిస్తున్నారు. ఒక పేరు అడిగేముందు "వీడికి బంతి ఎవరు అందిస్తారు?" అని అడగండి. చోటు ఒక్కటే ఉంటే కనీసం ఆ రెండవ పేరు రాసిపెట్టుకోండి. నాలాంటి పంతుళ్లారా! మిమ్మల్ని ఒక్క పేరే అడిగినా రెండు చెప్పండి.

మనవడి నోటుపుస్తకంలో ఎర్రకలంతో ఒక గడి అదనంగా గీసి, "అందింపు" అని రాశాను. వాడు కాసేపు తల గోక్కొని, "పక్కనోడు మారితే ఈ మార్కు కూడా మారిపోతుంది కదా తాతా, ఎట్లా వేసేది?" అన్నాడు.

వేయలేకపోవడమే దానికి సరైన జవాబని చెప్పాను. వాడికింకా నమ్మకం కుదరలేదు. సెలవులు ఇంకా పది రోజులున్నాయి.

స్వస్తి.