అడవి దారిలో ఒక రాత్రి
వేములవాడ, కొండగట్టు, ధర్మపురి, బాసర... గుడి ఉన్నచోట సత్రమో వసతి గదో ఉంటుంది. సామాన్య కుటుంబం తక్కువ ఖర్చుతో రాత్రి గడపగలదు. గోదావరి దాటి ఆదిలాబాద్ అడవుల్లోకి వెళ్తే ఆ భరోసా ఉండదు. కడెం, జన్నారంలో హరిత రిసార్టులున్నా సెలవుల రద్దీకి చాలవు. కుంతాల జలపాతం చూసినవాళ్లు చీకటి పడకముందే నిర్మల్‌కో ఆదిలాబాద్‌కో మళ్లుతారు. ఆ ఖర్చంతా పట్నం లాడ్జీలకే. 2024లో కేంద్రం తెచ్చిన గిరిజన గ్రామాల పథకంలో, ఇంట్లోనే అతిథులకు గది ఇచ్చే హోమ్‌స్టేలు వెయ్యి ఏర్పాటు చేయాలని ఉంది. కొత్త గదులకు ఇంటికి 5 లక్షల రూపాయల దాకా సాయముంది. ఉట్నూరులోని గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) మన వాటా కోసం గట్టిగా పట్టుబట్టాలి. గోండు, కొలాం కుటుంబాలే నడిపే శుభ్రమైన గది, మరుగుదొడ్డి, జొన్నరొట్టె, గోడమీద రాసిన ధర: బాటసారికి ఇంతకంటే ఏం కావాలి? ఆ రాబడి అడవిని కాపాడుకుంటున్నవాళ్లకే దక్కాలి.