యాత్రికుడి జేబూ, టాక్సీ మీటరూ

న్యూఢిల్లీ: పార్లమెంటులో పర్యాటక రంగంపై ప్రశ్నలకు ఏనాడూ కొదవ లేదు. మా నియోజకవర్గంలోని పురాతన ఆలయానికి నిధులెప్పుడిస్తారని ఒకరు, మా జిల్లాకు విమానాశ్రయం ఎప్పుడు వస్తుందని మరొకరు మంత్రులను నిలదీస్తూనే ఉంటారు. మంత్రులు కూడా కోట్ల లెక్కలు చదివి వినిపిస్తారు. అయితే ఆ విమానాశ్రయం గేటు దాటి, లేదా రైల్వే స్టేషను మెట్లు దిగి, పెట్టే బేడా పట్టుకొని కొత్త ఊరి రోడ్డు మీద నిలబడిన కుటుంబం అక్కడినుంచి బసకు ఏ ధరకు చేరుకుంటున్నదన్న ప్రశ్న మాత్రం సభలో అరుదుగా వినబడుతుంది. వేయి కిలోమీటర్ల ప్రయాణానికి ప్రణాళికలున్నాయి. చివరి పది కిలోమీటర్లకు దిక్కు లేదు.

ఉడాన్ పథకాన్నే తీసుకుందాం. 2016లో ప్రకటించిన ఈ పథకం కింద 2017 ఏప్రిల్ 27న తొలి విమానాలు ఎగిరాయి. ఆనాడు సిమ్లా-ఢిల్లీ సర్వీసుతో పాటు కడప-హైదరాబాద్ సర్వీసు కూడా ప్రారంభమైన సంగతి తెలుగు పాఠకులకు గుర్తుండే ఉంటుంది. గంట ప్రయాణానికి, కొన్ని సీట్ల వరకు, 2,500 రూపాయలు మించి వసూలు చేయరాదన్నది అందులోని నిబంధన. హవాయి చెప్పులు వేసుకున్నవాడు కూడా విమానమెక్కాలన్నది నినాదం. మంచిదే. కాని సిమ్లా విమానాశ్రయం ఊళ్లో లేదు. ఇరవై కిలోమీటర్లకు పైగా దూరాన జుబ్బర్‌హట్టి వద్ద ఉన్నది. ఆకాశంలో గంట ప్రయాణానికి కట్టుబాటు విధించి, అందుకు విమాన సంస్థలకు లోటు భర్తీ చేసే ప్రభుత్వం, నేల మీద ఆ ఇరవై కిలోమీటర్ల కొండదారికి ప్రయాణికుణ్ణి బేరసారాలకు వదిలివేసింది. చెప్పులవాడు విమానం ఎక్కగలిగాడు గాని, దిగిన తరువాత అతని గతి ఏమిటన్నది ఎవరి బాధ్యతా కాకుండా పోయింది.

ఎవరి బాధ్యతా కాకపోవడానికి కారణం రాజ్యాంగంలోనే కొంత ఉన్నది. ఏడవ షెడ్యూలులోని మూడు జాబితాలు వెదికినా పర్యాటకమన్న మాట ఒక అంశంగా కనబడదు. దేశంలోపలి తీర్థయాత్రలు రాష్ట్ర జాబితాలో ఉన్నాయి. రోడ్లూ రాష్ట్ర జాబితాలోనివే. మోటారు వాహనాలు ఉమ్మడి జాబితాలోనివి. రైళ్లూ విమానాలూ కేంద్రానివి. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 67వ సెక్షను టాక్సీ, ఆటో చార్జీలను నిర్ణయించే అధికారాన్ని రాష్ట్ర ప్రభుత్వాలకు ఇచ్చింది. అందుచేత సభలో ఎవరైనా ఈ ప్రశ్న లేవనెత్తితే, ఇది రాష్ట్రాల పరిధిలోని విషయమని కేంద్ర మంత్రి చేతులు కడుగుకొనవచ్చు. రాష్ట్ర మంత్రి తన వంతుగా రవాణా శాఖ వైపు వేలు చూపుతాడు. రవాణా శాఖ పోలీసుల వైపు చూపుతుంది. స్టేషను బయట నిలబడిన యాత్రికుడు మాత్రం వీరెవరినీ చూడలేడు. అతనికి కనబడేది నలుగురు డ్రైవర్లు మాత్రమే.

దేశ రాజధానిలోనే ఈ లెక్క ఎలా ఉన్నదో చూద్దాం. 2023 జనవరిలో ఢిల్లీ ప్రభుత్వం నోటిఫై చేసిన ప్రకారం ఆటోకు మొదటి ఒకటిన్నర కిలోమీటరుకు 30 రూపాయలు, ఆపైన కిలోమీటరుకు 11 రూపాయలు. మామూలు టాక్సీకి మొదటి కిలోమీటరుకు 40, ఆపైన 17 రూపాయలు. ఏ.సి. టాక్సీకి కిలోమీటరుకు 20. మెట్రో చార్జీలు 2025 ఆగస్టులో సవరించగా కనిష్ఠం 11, గరిష్ఠం 64 రూపాయలయినవి. అయిదు నుంచి పన్నెండు కిలోమీటర్ల దూరానికి మెట్రో టికెట్టు 32 రూపాయలు. ఇప్పుడు పది కిలోమీటర్ల ప్రయాణం లెక్క వేయండి. మీటరు ప్రకారం ఆటోకు అయ్యేది సుమారు 124 రూపాయలు. మామూలు టాక్సీకి 193. భార్యాభర్తలిద్దరే అయితే మెట్రోలో 64 రూపాయలతో పోతుంది. ముగ్గురికి 96. నలుగురికి 128. అంటే నలుగురున్న కుటుంబానికి, సామాను మోసుకుంటూ మెట్లెక్కి దిగే శ్రమను కూడా కలుపుకుంటే, మీటరు వేసిన టాక్సీ మెట్రో కంటే అంత భారమేమీ కాదు.

కీలకమంతా “మీటరు వేసిన” అన్న ఆ ఒక్క మాటలోనే ఉన్నది. ప్రభుత్వం నిర్ణయించిన రేటు ప్రియమైనది కాదు. ఆ రేటు అమలు కాకపోవడమే ప్రియమైనది. తెలంగాణా ఎక్స్‌ప్రెస్సో, ఆంధ్రప్రదేశ్ ఎక్స్‌ప్రెస్సో దిగి, హిందీ రెండు ముక్కలకు మించి రాని మన పెద్దవారు 124 రూపాయల దూరానికి మూడు వందలు, నాలుగు వందలు సమర్పించుకొని, “ఢిల్లీలో మోసగాళ్లెక్కువ” అని ఊరికి వెళ్లి చెప్పుకుంటారు. ట్రాఫిక్ పోలీసులు నడిపే ప్రీపెయిడ్ బూత్ అదే ఆవరణలో ఉంటుంది. అక్కడ రేటు ముందే తేలిపోతుంది, చేతికి చీటీ వస్తుంది. కాని బూత్ దాకా చేరనిస్తే కదా? దారిలోనే సామాను అందుకునే చేతులు అనేకం.

ఇందులో డ్రైవరునొక్కణ్ణే దోషిగా నిలబెట్టడం న్యాయం కాదు. ఢిల్లీ ఆటో చార్జీలను 2013లో సవరించిన తరువాత మళ్లీ 2019లో గాని ముట్టుకోలేదు. ఆపైన 2023 దాకా ఆగవలసి వచ్చింది. ఈ మధ్య కాలంలో గ్యాసు ధర, బీమా, విడిభాగాలు, పిల్లల ఫీజులు ఏవీ డ్రైవరు కోసం ఆగలేదు. ఆరేళ్లపాటు కదలని మీటరును అతడు పక్కనపెడితే, ఆ మీటరును కదపని ప్రభుత్వానికి అందులో వాటా లేదనగలమా? పర్యాటక కేంద్రాలలో మరొక చిక్కున్నది. అక్కడ రాబడి ఏడాదిలో నాలుగైదు నెలలే. వాయిదాలు మాత్రం పన్నెండు నెలలూ కట్టాలి. కొండమీద దింపివచ్చే టాక్సీకి తిరుగు ప్రయాణంలో మనిషి దొరకడు. కనుక రానుపోను చార్జీ యాత్రికుడి మీదే పడుతుంది. 2025 ఏప్రిల్‌లో పహల్గాంలో ఘాతుకం జరిగినప్పుడు, భయంతో తిరుగుముఖం పట్టిన యాత్రికులను పలువురు కాశ్మీరీ డ్రైవర్లు పైసా తీసుకోకుండా విమానాశ్రయానికి చేర్చిన సంగతి పత్రికలలో చదివాము. ఆ వృత్తిలో మానవత్వం లేదనడం తగదు. లేనిది వ్యవస్థ.

వ్యవస్థ లేని చోట పుట్టుకొచ్చేవి కమీషన్లు. యాత్రికుడు ఒక్కసారి వచ్చిపోయేవాడు. మళ్లీ రాడు, వచ్చినా ఆ డ్రైవరే తగలడు. రోజూ వచ్చే ఖాతాదారుకు ఉండే పలుకుబడి అతనికి లేదు. అందుకే ఆగ్రాకు బయలుదేరిన కారు చలువరాతి బొమ్మల దుకాణం ముందు ఆగుతుంది, జైపూరులో తివాచీల దుకాణం ముందు ఆగుతుంది. చవకగా ఒప్పుకున్న కిరాయి అక్కడ తీరుబడిగా వసూలవుతుంది. ఈ విద్య ఎరిగినవారు తక్కువ కిరాయికి ఒప్పుకొని దుకాణంలో సంపాదిస్తే, ఎరగనివారు ఎక్కువ కిరాయి చెప్పి బేరం పోగొట్టుకుంటారు. నిజాయితీకి నష్టం తెచ్చే అంగడి ఇది.

గోవా మరొక పాఠం. మీటరు ప్రకారం నడవడానికి అక్కడి టాక్సీ సంఘాలు ఏళ్ల తరబడి ఇష్టపడలేదు. హైకోర్టు దాకా పోయిన వివాదమిది. 2018లో గోవా మైల్స్ పేరిట సెల్‌ఫోను ద్వారా టాక్సీ పిలిపించుకునే ఏర్పాటు వస్తే, స్థానిక టాక్సీల జీవనోపాధి పోతుందని ఆందోళన చేశారు. 2025 మే నెలలో రాష్ట్ర ప్రభుత్వం ఇటువంటి సర్వీసుల కోసం ముసాయిదా మార్గదర్శకాలు వెలువరించినప్పుడూ అదే తంతు జరిగింది. గనుల తవ్వకం ఆగిన తరువాత టాక్సీనే నమ్ముకున్న కుటుంబాల భయాన్ని తేలికగా కొట్టివేయలేము. కాని అదే గోవాలో దశాబ్దాలుగా “పైలట్లు” ఉన్నారు. మోటారు సైకిలు వెనుక ఒక్కరిని ఎక్కించుకొని తక్కువ కిరాయికి దింపే ఈ ఏర్పాటును ప్రభుత్వమే గుర్తించింది. కదంబ రవాణా సంస్థ బస్సులు కూడా ఉన్నాయి. 2022 డిసెంబరులో ప్రారంభోత్సవం జరిగిన మోపా విమానాశ్రయం నుంచి అవి పణజి, మడగావ్ వైపు నడుస్తున్నాయి. చౌక సాధనం లేకపోలేదు. దాని సంగతి కొత్తవాడికి చెప్పే నాథుడే లేడు.

సెల్‌ఫోను టాక్సీలు వచ్చిన తరువాత బేరసారాల బెడద తీరిందని కొందరంటారు. కొంతవరకు నిజమే. అయితే బేరమాడే మనిషి పోయి, బేరానికి లొంగని యంత్రం వచ్చింది. 2019లో చట్టాన్ని సవరించి ఈ సంస్థలను లైసెన్సు కిందకు తెచ్చారు. 2020 మార్గదర్శకాలు రద్దీ వేళ మూల చార్జీకి ఒకటిన్నర రెట్ల వరకు పెంచుకోవచ్చన్నాయి. 2025 జూలై నాటి మార్గదర్శకాలు దానిని రెండు రెట్లు చేశాయి. పండుగ రోజున, వాన కురిసినప్పుడు, రైలు దిగిన వేయిమంది ఒక్కసారి బయటకు వచ్చినప్పుడు, అంటే యాత్రికుడికి బండి అత్యవసరమైన ప్రతి సందర్భంలోనూ, ధర రెట్టింపు కావచ్చునన్న మాట. మనిషి చేస్తే దోపిడి అన్నదానిని యంత్రం చేస్తే గిరాకీ అనడం ఈ కాలపు విచిత్రం. లాభాన్ని డ్రైవర్లే పంచుకునే సహకార టాక్సీ వస్తుందని 2025 మార్చిలో లోక్‌సభలో సహకార మంత్రి అమిత్ షా ప్రకటించారు. సంకల్పం మంచిది. దాని విలువ తేలవలసింది మహానగరాలలో కాదు, పోటీ లేని చిన్న యాత్రాస్థలాలలో.

ఇక పరిష్కారం కోసం విదేశాలకు పోనవసరం లేదు. తిరుపతి స్టేషనులో దిగిన భక్తుడు కొండకు ఎలా పోవాలా అని బెంగపడడు. ఆర్.టి.సి. బస్సులు ఒకదాని వెనుక ఒకటి సిద్ధంగా ఉంటాయి. కొండమీద దేవస్థానం వారి ఉచిత బస్సులు తిరుగుతుంటాయి. టాక్సీలూ జీపులూ అక్కడ లేవా? ఉన్నాయి. వాటి బతుకు అవి బతుకుతున్నాయి. కాని బస్సు ఉన్నంతకాలం వాటి రేటు బస్సుకు భయపడుతూనే ఉంటుంది. సిక్కింలో షేరు జీపుల అడ్డాలలో టికెట్టు కౌంటరు ఉంటుంది, సీటు నంబరుతో చీటీ ఇస్తారు. అందరికీ ఒకటే ధర. స్థానికుల బండ్లే, స్థానికుల ఉపాధే, అయినా మోసానికి తావు తక్కువ. కేరళలో అలప్పుళ కాలువలలో హౌస్‌బోటుకు వేలు పోయాలి. అదే నీటి మీద రాష్ట్ర జలరవాణా శాఖ పడవ కొద్ది పదుల రూపాయలకు తిప్పుతుంది. 2023 ఏప్రిల్‌లో మొదలైన కొచ్చి జల మెట్రోలో కనీస చార్జీ 20 రూపాయలుగా పెట్టారు. పొరుగున శ్రీలంకలో సైతం కొలంబో విమానాశ్రయం నుంచి నగరానికి మామూలు బస్సు ఉన్నది. ఎక్కడ చూసినా సూత్రం ఒకటే. టాక్సీ ధరను అదుపులో పెట్టేది పోలీసు లాఠీ కాదు, పక్కనే నిలబడిన బస్సు.

మన రెండు రాష్ట్రాలలో 2023 డిసెంబరు నుంచి తెలంగాణలోను, 2025 ఆగస్టు నుంచి ఆంధ్రప్రదేశ్‌లోను స్త్రీలకు ఆర్.టి.సి. బస్సులలో ఉచిత ప్రయాణం కల్పించారు. ఆ సౌకర్యం ఆయా రాష్ట్రాల నివాసులకే. దానిని తప్పుపట్టనక్కరలేదు. కాని పొరుగు రాష్ట్రం నుంచి వచ్చిన యాత్రికుడు ఉచితం కోరడం లేదు. డబ్బు పెట్టి ఎక్కడానికి ఒక బస్సు, అది ఎక్కడ ఆగుతుందో తనకు తెలిసిన భాషలో ఒక బోర్డు కోరుతున్నాడు.

రవాణా, పర్యాటకం, సంస్కృతి, ఈ మూడింటికీ పార్లమెంటులో ఒకే స్థాయీ సంఘం ఉన్నది. మంత్రిత్వ శాఖలు వేరయినా ఆ సంఘం ముందు అందరూ హాజరు కావలసిందే. ఈ విషయాన్ని చేపట్టడానికి అంతకంటె తగిన వేదిక లేదు. అది అడగవలసినవి పెద్ద కోరికలేమీ కావు. ఏటేటా గ్యాసు, పెట్రోలు ధరలను బట్టి మీటరు రేటు దానంతటదే సవరణ అయ్యే సూత్రం ఒకటి. కేంద్రం నిధులిచ్చే ప్రతి విమానాశ్రయం, స్టేషను, యాత్రాస్థలం వద్ద ప్రజా బస్సు ఉండి తీరాలన్న షరతు ఒకటి. ప్రీపెయిడ్ బూత్‌ను ద్వారం బయట కాక లోపలే పెట్టి, ప్రధాన స్థలాలకు చార్జీలను పలు భాషలలో రాయించడం ఒకటి. పండుగలు, విపత్తుల వేళ రెట్టింపు చార్జీలను నిలుపుచేయడం ఒకటి.

ఇది అసాధ్యమని ఎవరైనా అంటే 2025 డిసెంబరును గుర్తు చేయవలసి ఉన్నది. ఇండిగో విమానాలు వందల సంఖ్యలో రద్దయి టికెట్ల ధరలు ఆకాశాన్నంటినప్పుడు, 500 కిలోమీటర్ల లోపు ప్రయాణానికి 7,500 రూపాయలు మించరాదని కేంద్రం రోజుల వ్యవధిలో కట్టడి విధించింది. స్వేచ్ఛా విపణి అని ఊరుకోలేదు. విమాన ప్రయాణికులు గొంతెత్తితే వినబడిన చెవులకు రైల్వే స్టేషను బయటి గొంతు వినబడదా? ఏడాదికి ఒకసారి సెలవు దొరికి, పైసా పైసా కూడబెట్టుకొని, పిల్లలకు తమ దేశాన్ని చూపిద్దామని బయలుదేరే గుమాస్తాలు, ఉపాధ్యాయులు, చిన్న రైతులు ఈ దేశ పర్యాటకానికి అసలైన పోషకులు. అన్యాయపు కిరాయి వారి జేబునే కాదు, పొరుగు రాష్ట్రం మనిషి మీద వారికున్న నమ్మకాన్ని కూడా ఖాళీ చేస్తుంది. జాతీయ సమైక్యత గురించి వేదికల మీద మాట్లాడే ప్రభుత్వాలు ముందు మీటరు తిరిగేటట్లు చూడాలి.