వేసవిలో రోళ్ళపాడు: ఒక నోటుపుస్తకము

పరీక్షలు ముగిసి వసతిగృహము ఖాళీ అయిన పిమ్మట, మే నెల ఎండలో అభయారణ్యమునకు పోవుదుమని మేము అన్నప్పుడు ఇండ్లలో అందరును నవ్వినారు. మాలో ఒకరి నానీ "పిట్టలకు లేని పిచ్చి మీకెందుకు బేటా, అవి కూడ నీడన పడుకొని ఉంటవి" అన్నది. ఆమె మాటలో సగము నిజమే. తక్కిన సగము కొరకే మేము పోయినాము.

రోళ్ళపాడు కర్నూలునకు దూరము కాదు. నందికొట్కూరు మీదుగా పోవచ్చును. 2022లో జిల్లాలు మారిన తరువాత అది నంద్యాల జిల్లాలో చేరినది. అభయారణ్యము అను పేరు విని చెట్లను ఊహించుకొని పోవువారికి అచ్చట ఆశాభంగము తప్పదు. అది గడ్డినేల. 1988లో ప్రకటింపబడిన ఆ అభయారణ్యము విస్తీర్ణము సుమారు 614 హెక్టార్లు. మే నెలలో గడ్డి పండిపోయి గోధుమరంగు తిరిగి ఉండును. నడుమ నడుమ ముండ్లపొదలు. మనవారు ఇట్టి నేలను చూచిన వెంటనే బంజరు అందురు. ఈ ఒక్క మాట చేసిన నష్టము ఇంతంత కాదని మా అభిప్రాయము. బంజరు అనిన తరువాత దానిని దున్నవచ్చును, త్రవ్వవచ్చును, చెట్లు నాటి అడవి చేసితిమని చెప్పుకొనవచ్చును. గడ్డిలో బ్రతుకు ప్రాణికి చెట్టు కూడ శత్రువే కావచ్చునన్న సంగతి మాకు ఆనాటి వరకు తోచలేదు.

సూర్యోదయమునకు ముందే చేరినాము. నోటుపుస్తకములో గడులు గీచుకొన్నాము: వేళ, చోటు, పేరు, సంఖ్య, ఏమి చేయుచున్నది. పేరునకు మాత్రము రెండు గడులు, ఒకటి తెలుగునకు, ఒకటి ఉర్దూకు. ఇది మా కళాశాల ముచ్చట అని కొందరు అనుకొనవచ్చును. కాని పని మొదలుపెట్టిన గంటలోనే దాని విలువ తెలిసినది. తీతువును మాలో సగము మంది టిటీరీ అన్నారు. ఆ రెండు పేర్లును దాని అరుపు నుండి పుట్టినవే. నీటితొట్టి వద్దకు ప్రొద్దెక్కిన తరువాత గుంపుగా దిగిన పక్షులను ఉర్దూ మిత్రులు భట్‌తీతర్ అని వెంటనే గుర్తించినారు. ఎదుటి తెలుగు గడి ఖాళీగా మిగిలినది. మగపక్షి రొమ్ము ఈకలను నీటిలో తడిపి, ఆ తడిని దూరమున నున్న పిల్లలకు మోసికొనిపోవునని పుస్తకములలో చదివినాము. ఇంత ముద్దైన పిట్టకు మాకు తెలుగు పేరు తెలియకుండుట సిగ్గనిపించినది.

ఆ దినము మేము అన్నిటికంటె ఎక్కువ సేపు చూచినది తీతువునే. రాళ్ళ నడుమ రాళ్ళవలెనే ఉన్న నాలుగు గుడ్లు. ఎండ ముదిరిన కొలది ఆ పక్షి గుడ్లమీద కూర్చుండక, కాళ్ళు చాచి నిలువబడి తన నీడను వాటిపై పరచినది. దాని జంట నీటి వద్ద పొట్ట తడుపుకొని వచ్చి ఆ చోటు తీసికొన్నది. పొదుగుట యనగా వెచ్చజేయుట అని చదువుకొన్న మాకు, చల్లబరచుట కూడ పొదుగుటయే అని ఆ పది గంటల ఎండలో తెలిసినది. శీతకాలములో పోయియున్నచో ఇది చూచెడివారము కాము. వేసవి చూడదగిన కాలము కాదన్న నమ్మకము వలన, కళాశాలలు మూసియుండుట వలన, ఈ మూడు నెలల ప్రకృతి మన విద్యార్థుల పుస్తకములలో ఎచ్చటను ఎక్కుట లేదు.

కృష్ణజింకల విషయములో మేము తప్పు చేసినాము. రెండు జట్లుగా విడిపోయి లెక్కించి, మధ్యాహ్నము కలిసికొని కూడిక వేసినప్పుడు, ఒకే మందను ఇరువురము వ్రాసికొన్నట్లు వేళలను పోల్చగా బయటపడినది. ఒకరు పెద్ద సంఖ్యనే ఉంచుదమన్నారు. పత్రికలో బాగుండునట! చివరకు కొట్టివేసి చిన్న సంఖ్య వ్రాసినాము. కొట్టివేత కనబడునట్లే ఉంచినాము.

గట్టున ఒక రైతు మమ్ములను చూచుచు నిలిచియుండెను. "జింకలను లెక్కబెడుతుండారు, మంచిదే. అవి నా పైరు ఎంత మేసినాయో అది గూడ రాసుకోండి నాయనా" అన్నాడు. వ్రాసికొన్నాము. జింకల సంఖ్య ఎక్కిన పుస్తకములో ఆయన చేని మాట ఎక్కకున్న ఆ లెక్క ఒంటికన్ను లెక్క అగును.

ఇక బట్టమేక సంగతి. ఉర్దూలో తుగ్దార్. ఈ అభయారణ్యము పుట్టినదే దాని కొరకు. 1980 దశకములో బొంబాయి నాచురల్ హిస్టరీ సొసైటీ వారు ఇచ్చట ఈ పక్షిని అధ్యయనము చేసినారు. మగపక్షి మెడక్రింది సంచి ఉబ్బించి అరచిన అరుపు తన చిన్నతనమున దూరమునకు వినబడెడిదని ఒక గొర్రెలకాపరి తాత చెప్పెను. తాను చూచి చాల ఏండ్లయినదట. ఆడపక్షి సాధారణముగా ఒక్క గుడ్డే పెట్టును. కాలువ నీరు వచ్చి చుట్టుప్రక్కల జొన్న, కొర్ర వంటి మెట్టపైరులు తగ్గుట, కుక్కలు, కరెంటు తీగలు, ఇట్టి అన్నిటికిని ఆ ఒక్క గుడ్డు తట్టుకొనలేదు. నేడు దేశమున మిగిలిన కొద్ది పక్షులలో అధికభాగము రాజస్థానములోనే ఉన్నవి.

మాకు ఒక్కటియు కనబడలేదు. కనబడనిదానిని వ్రాయుట ఎందుకని మాలో వాదము జరిగినది. వ్రాయవలెనని మేము ఒప్పుకొన్నాము. బట్టమేక: 0, వెదకిన కాలము ఆరు గంటలు. నేడు ప్రతి విద్యార్థి చేతిలోను ఫోను ఉన్నది, ఛాయాచిత్రమునకు తేదీ తానే పడును. కాని వెదకినను లేనిదానికి ఛాయాచిత్రము లేదు. దానికి నోటుపుస్తకము ఒక్కటే దిక్కు.

వ్రాతకు తోడు ఊరివారి మాట కూడ కావలెను. కలివికోడి 1900 తరువాత ఎవరి లెక్కలోను లేక, నశించినదని శాస్త్రజ్ఞులు తలచిన పక్షి. 1986లో కడప జిల్లాలో అది మరల దొరకినది, దానిని ఎరిగిన స్థానికుల సాయముతోనే. పుస్తకములో పోయిన పక్షి పల్లె నోట బ్రతికియున్నది. అందుచేతనే తాత మాటలను ఆయన పలికిన యాసలోనే వ్రాసికొన్నాము.

సలీం అలీ 1930 దశకపు తొలినాళ్ళలో హైదరాబాదు రాజ్యమంతటను తిరిగి పక్షుల సర్వే చేసినప్పుడు ఆయనకు మనకున్న సౌకర్యములు లేవు. ఆ వ్రాతలు ఉన్నందుననే నాటికిని నేటికిని భేదము చెప్పగలుగుచున్నాము. ఒక కళాశాల ఒకే చోటికి, ఏటేటా ఒకే వారములో, ఒకే గడులతో పోవుటకు అయ్యెడు ఖర్చు బస్సు చార్జీలు, నీళ్ళ సీసాలు మాత్రమే. వార్షికోత్సవపు రంగస్థల అలంకరణలో నాలుగవ వంతు కూడ కాదు. పెద్దలు కోపగింపకుందురు గాక!

నోటుపుస్తకము గ్రంథాలయములో ఉర్దూ నిఘంటువుల బీరువాలో ఉంచినాము. పదునాలుగు పుటలు నిండినవి. భట్‌తీతర్‌కు ఎదుటి గడి ఇంకను ఖాళీగానే ఉన్నది. తెలిసినవారు పెన్సిలుతో వ్రాయగలరు.