జీతం లేని ఉద్యోగం, జవాబు లేని నింద

మచిలీపట్నం కోనేరు సెంటర్‌లోనైనా, గుడివాడ బస్టాండులోనైనా, దివిసీమలో అవనిగడ్డలోనైనా గోడలకు అంటించిన కరపత్రాలు చదివితే, మన ప్రాంతంలో నిరుద్యోగమనేదే లేదనిపిస్తుంది. పది పాసైనా ఫెయిలైనా ఉద్యోగం, అనుభవం అక్కర్లేదు, నెలకు పదిహేను వేల నుంచి నలభై వేల దాకా సంపాదన! ఆ నంబరుకు ఫోన్ చేసి వెళ్ళిన యువకుడికి గంటసేపు ప్రసంగం వినిపించి, చివర్లో అసలు మాట చెబుతారు. జీతం లేదు; అమ్మినదానిపై కమీషన్ ఉంటుంది. బండి నీది, పెట్రోలు నీది, ఫోను నీది. నువ్వు మా ఉద్యోగివి కావు, స్వయం ఉపాధి పొందుతున్నవాడివి.

ఇలా మనుషులను వెతికే ఏజెన్సీల వారి ఆవేదన మరో రకంగా ఉంటుంది. ఇరవై మంది ఫోన్ చేస్తే అయిదుగురు వస్తారనీ, ఇద్దరు చేరతారనీ, వారం తిరగకుండానే ఆ ఇద్దరూ ఫోన్ ఎత్తడం మానేస్తారనీ వారి ఫిర్యాదు. ఈ కాలపు కుర్రాళ్ళకు పని అక్కర్లేదని తీర్పు చెబుతారు. ముస్లిం యువకుడైతే, మీవాళ్ళకు నిలకడ తక్కువని మరో మాట కలుపుతారు. వారి ఇబ్బందిని మేము కొట్టిపారేయడం లేదు. చిన్న పంపిణీదారుడికీ పైనుంచి టార్గెట్లు ఉంటాయి. వస్తానని చెప్పి రానివారి వల్ల అతనికీ నష్టమే. చెప్పిన మాట నిలబెట్టుకోవడం మన యువకుల బాధ్యత కూడా. అయితే రానివాడిని నిందించే ముందు, అతన్ని దేనికి పిలిచామో ఒక్కసారి లెక్క వేసుకోవాలి.

ఆ లెక్క పెద్ద కష్టమైనది కాదు. ఉదాహరణకు, రోజుకు 150 రూపాయల పెట్రోలు అనుకుంటే, నెలలో 26 రోజులకు 3,900 రూపాయలు. ఫోను రీచార్జి, మధ్యాహ్నపు భోజనం, బండి మరమ్మతు దీనికి అదనం. మొదటి నెలలో ఒక్కటీ అమ్ముడుపోకపోతే కంపెనీకి పోయేది ఏమీ లేదు. ఆ కుర్రాడి ఇంట్లో మాత్రం అయిదారు వేల అప్పు మిగులుతుంది. అంటే కంపెనీ అతనికి ఇచ్చింది పని కాదు, తన వ్యాపారపు నష్టభయంలో వాటా. ఆ వాటా మోయలేనని వారంలోనే తెలుసుకుని వెళ్ళిపోయినవాడు సోమరి కాడు, లెక్క తెలిసినవాడు.

స్వయం ఉపాధి మన సమాజానికి కొత్త కాదు. దేశంలోని ముస్లిం శ్రామికులలో 61 శాతం స్వయం ఉపాధిపైనే ఆధారపడి ఉన్నారని, హిందూ శ్రామికులలో ఇది 55 శాతమని సచార్ కమిటీ 2006లోనే తేల్చింది. మెకానిక్ షెడ్డు, టైలరింగ్ దుకాణం, పండ్ల బండి, పరుపుల కొట్టు తరతరాలుగా మన కుటుంబాలను నిలబెట్టాయి. ఆ దుకాణాలలో పనిముట్టు మనది, ధర నిర్ణయించేది మనమే, ఖాతాదారుడు మనవాడే. కరపత్రం చెప్పే స్వయం ఉపాధిలో ధర, సరుకు, తిరగవలసిన ప్రాంతం, టార్గెట్ అన్నీ కంపెనీవి. ‘స్వయం’ అనే మాట నష్టానికి మాత్రమే వర్తిస్తుంది.

2007 చట్టంతో బి.సి.-ఇ కింద విద్యలోనూ, ప్రభుత్వ ఉద్యోగాలలోనూ 4 శాతం రిజర్వేషన్ లభించాక, మన ఇళ్ళలో డిగ్రీ చదివే పిల్లల సంఖ్య పెరిగింది. ఎద్దుల బండి తోలిన తాత మనవడు ఇంజనీరింగ్ పట్టా చేతపట్టుకున్నాడు. ఆ పట్టాతో బయటికి వచ్చినవాడికి మొదట ఎదురవుతున్న ‘ఉద్యోగం’ ఈ కరపత్రం కావడమే మా బాధ.

ఇందులో పెట్రోలు కంటే విలువైన పెట్టుబడి ఇంకొకటి ఉంది. కొత్తగా చేరినవాడిని మొదట అడిగేది బంధువుల, స్నేహితుల పేర్ల జాబితా. ఖాలా ఇంట్లో ఒక పాలసీ, మామూ ఇంట్లో ఒక నీటి యంత్రం, మొహల్లాలో నాలుగు చీటీలు. జాబితా అయిపోగానే అమ్మకాలు ఆగిపోతాయి, అతని అవసరమూ తీరిపోతుంది. కంపెనీ వాడుకున్నది అతని శ్రమను కాదు, అతని మాటపై పదిమందికి ఉన్న నమ్మకాన్ని.

ఆ నమ్మకం చెడితే ఏమవుతుందో కృష్ణా జిల్లాకు వేరే చెప్పనక్కర్లేదు. విజయవాడ కేంద్రంగా నడిచిన అగ్రిగోల్డ్ సంస్థ వేలాది కమీషన్ ఏజెంట్ల ద్వారా దాదాపు 32 లక్షల ఖాతాలలో సుమారు 6,380 కోట్ల రూపాయలు సేకరించిందని దర్యాప్తు సంస్థలు తేల్చాయి. సంస్థ కూలినప్పుడు జనం నిలదీసింది యజమానులను కాదు, పక్కింటి ఏజెంటును. ఊరు విడిచి వెళ్ళిన ఏజెంట్లున్నారు, ప్రాణాలు తీసుకున్నవారూ ఉన్నారు. 2019లోనూ, 2021లోనూ రాష్ట్ర ప్రభుత్వం చిన్న డిపాజిటర్లకు కొంత సొమ్ము చెల్లించింది. ఏజెంట్లు పోగొట్టుకున్న పరువును తిరిగి చెల్లించే పద్దు ఏ బడ్జెట్‌లోనూ లేదు. కమీషన్‌పై పని ఇచ్చే ప్రతి సంస్థా మోసకారిదని మేము అనడం లేదు. కంపెనీ తప్పుకు కమీషన్ మనిషి పూచీ పడవలసి వస్తుందన్నదే మేము చెప్పదలచినది.

కమీషన్ పని గౌరవంగా సాగడం అసాధ్యం కూడా కాదు. మచిలీపట్నంలోనే డివిజన్ కార్యాలయం ఉన్న ఎల్.ఐ.సి.ని చూడండి. దాని ఏజెంట్లు కూడా కమీషన్‌పై బతికేవారే. అయినా వారికి గ్రాట్యుటీ ఉంది. ఆ పరిమితిని 3 లక్షల నుంచి 5 లక్షల రూపాయలకు పెంచేందుకు 2023 సెప్టెంబరులో కేంద్రం ఆమోదం తెలిపింది. మందుల కంపెనీల ప్రతినిధుల వంటివారి కోసం 1976లో పార్లమెంటు చేసిన చట్టం నియామక పత్రం ఇవ్వడాన్ని తప్పనిసరి చేసింది. సంఘటితంగా అడిగినవారికి దక్కినవి ఇవి.

విడివిడిగా తిరిగేవారికి మాత్రం చట్టం అందడం లేదు. పీస్ రేటుపై పనిచేసే కార్మికుడికి సైతం కనీస వేతన రక్షణ ఉంది, అతడు ఉద్యోగి అయితే. ‘స్వయం ఉపాధి’ అనే ఒక్క మాటతో ఆ రక్షణ తప్పిపోతుంది. 2020 నాటి సామాజిక భద్రతా స్మృతి గిగ్ కార్మికులను గుర్తించి, యాప్ కంపెనీలు తమ వార్షిక టర్నోవర్‌లో 1 నుంచి 2 శాతం వారి సంక్షేమానికి ఇవ్వాలని చెప్పింది. యాప్ లేకుండా, బ్యాగు తగిలించుకుని కోడూరు, నాగాయలంక వీధులలో తిరిగే యువకుడి కోసం నిధి ఇవ్వవలసిన కంపెనీ ఏదీ ఆ లెక్కలో లేదు.

కనుక మేము కోరుతున్నవి ఇవి. జీతం లేని పనిని ప్రకటనలో ‘ఉద్యోగం’ అని రాయకూడదు. కమీషన్ మాత్రమేనన్న మాట మొదటి వరుసలోనే ఉండాలి. మొదటి మూడు నెలలు దారి ఖర్చులైనా కంపెనీ భరించాలి. ప్రభుత్వ జాబ్ మేళాలలో ఎంపికైనవారి సంఖ్య ప్రకటించేటప్పుడు, స్థిరమైన జీతం వచ్చేవారెందరో, కమీషన్‌పై పంపినవారెందరో విడిగా చెప్పాలి.

మనవారికీ ఒక మాట. బట్టల కొట్టులోనైనా, చిలకలపూడి గిల్టు నగల వ్యాపారంలోనైనా మనవాడే యజమాని అయినంత మాత్రాన ఈ నియమం మారదు. కూలి ఎంతో ముందే తేల్చి, పని ముగియగానే చెల్లించడం మన ధర్మం. జుమా తర్వాత ఉద్యోగ ప్రకటన చదివే మస్జిద్ కమిటీలు, అందులో జీతం ఎంతో రాసి ఉందో లేదో ముందు చూడాలి. యువకులు చేరేముందు మూడు ప్రశ్నలు అడగాలి: రాతపూర్వకమైన ఒప్పందం ఇస్తారా? ఏమీ అమ్ముడుపోని నెలలో నా చేతికి ఏమి వస్తుంది? చేరడానికి నేనే డబ్బు కట్టాలా? చేరడానికి డబ్బు అడిగిన చోట ఇంకేమీ అడగకుండా లేచి రావాలి.

పనిచేసేవారు దొరకడం లేదని బాధపడే యజమానులారా, ఒక నెల జీతం ముందుగా నిర్ణయించి పిలిచి చూడండి. అప్పుడు కూడా రానివారి గురించి మాట్లాడుకుందాం.